స్కానరు పనిచేయనపుడు ఏమి చూడవలెను?
లినక్స్ కంప్యూటరు వాడుచున్న సంఘాలకు కొన్ని సూచనలు

పాల సంఘానికి పాలు ఎంత ముఖ్యమో, పాలను గురించిన కాగితము కూడా అంత ముఖ్యము. సభ్యత్వ రిజిష్టరు, వాటాధనం లెక్క, రోజువారీ పాల సేకరణ పుస్తకం, మహాజనసభ తీర్మానాల పుస్తకం, ఇవి లేనిదే సంఘం లేదు. ఆపరేషన్ ఫ్లడ్ పథకం 1970లో మొదలై 1996 వరకు సాగినది. ఆ రోజులలో ఏర్పడిన సంఘాల తొలి రిజిష్టర్లకు ఇపుడు సుమారు ముప్పయి ఏళ్ళు, అంతకు మించిన వయసు. కాగితం పసుపుబారి అంచులు విరుగుచున్నవి. సిరా వెలిసిపోవుచున్నది. చెదలు, ఎలుకలు, వానకాలపు చెమ్మ తమ పని తాము చేయుచునే ఉన్నవి. తండ్రి పేరున ఉన్న వాటా కొడుకు పేరునో, కోడలి పేరునో మార్చవలసి వచ్చిన రోజున ఆ పాత పుట కనబడకపోతే నష్టపోయేది సభ్యుని కుటుంబమే.

కొత్త కాగితాలకు కూడా భయం లేకపోలేదు. పాల కేంద్రంలో యంత్రం ఇచ్చే చిన్న చీటీలు చాలావరకు వేడికి నల్లబడే పూత గల కాగితంపై అచ్చగునవి. ఎండలోనో, చొక్కా జేబులోనో కొంతకాలం ఉంటే అక్షరాలు మాసిపోవును. పశువు చనిపోయినపుడు బీమాకు పంపవలసిన కాగితాలు, పశువైద్యుని ధృవపత్రం, చెవి బిళ్ళ మీది 12 అంకెల నెంబరు గల పత్రం వెంటనే పంపవలసినవి. వీటన్నిటికి నకలు తీసి కంప్యూటరులో భద్రపరచే సాధనమే స్కానరు. కనుక స్కానరు మూలబడితే అది కార్యదర్శి ఒక్కరి ఇబ్బంది కాదు, సభ్యులందరి ఇబ్బంది.

ఈ విషయం ఇపుడు చెప్పుటకు కారణమున్నది. విండోస్ 10కు తయారీ సంస్థ ఇచ్చు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లను పారవేయక, వాటిపై లినక్స్ వేసి వాడుకొనుట మంచి ఉపాయము. లినక్సుకు లైసెన్సు రుసుము కట్టనక్కరలేదు. అయితే మార్చిన మరునాడు, నిన్నటి దాకా పనిచేసిన స్కానరు నేడు పలకకపోవచ్చును. వెంటనే "స్కానరు చెడిపోయినది, కొత్తది కొందాము" అని పాలకవర్గం ముందు ప్రతిపాదన పెట్టుటకు ముందు, ఈ దిగువ చెప్పిన వరుసలో చూడవలసినదిగా కోరుచున్నాము. చాలాసార్లు యంత్రంలో లోపం ఉండదు.

లోపం ఏ మజిలీలో ఉన్నది?

కూలరులో పాలు విరిగినవనుకొందాము. మనమేమి చేస్తాము? అన్ని పాలూ పారబోసి ఊరుకోము. సభ్యుని బిందె దగ్గర బాగున్నవా, సంఘం క్యాను దగ్గర బాగున్నవా, కూలరు చల్లబరచినదా అని మజిలీ మజిలీకి చూసుకొంటూ వెళ్తాము. ఎక్కడ వరకు బాగున్నవో తెలిస్తే ఎక్కడ చెడినదో తెలిసినట్లే.

స్కానరు నుండి బొమ్మ కూడా ఇటువంటి మజిలీలు దాటియే వచ్చును. మొదటిది స్కానరు యంత్రము, దాని కరెంటు. రెండవది యుఎస్‌బి తీగ. మూడవది తీగను గుర్తించే లినక్స్ మూల భాగము. నాలుగవది వాడుకరికి ఆ యంత్రాన్ని ముట్టుకొనే అనుమతి. అయిదవది ఆ నమూనా భాష తెలిసిన డ్రైవరు. ఆరవది మనం తెర మీద చూసే స్కానింగు ప్రోగ్రాము. లినక్సులో ఈ డ్రైవర్లన్నిటిని ఒకచోట కూర్చిన ఏర్పాటు పేరు "సేన్". స్కానర్ యాక్సెస్ నౌ ఈజీ అను నాలుగు మాటల మొదటి అక్షరాలవి. ప్రోగ్రాము ఏదైనా, అడుగున పనిచేసేది చాలావరకు సేన్ మాత్రమే. అందుచేత ఒక ప్రోగ్రాము తీసివేసి ఇంకొకటి వేసి, మళ్ళీ ఇంకొకటి వేసి సమయం పాడుచేసుకొనరాదు. కింది మజిలీ నుండి పైకి రావలెను.

ఒకటవ మెట్టు: యంత్రము, తీగ

కంప్యూటరు ముట్టుకొనక ముందు స్కానరును చేతితో పట్టుకొని చూడండి. కొన్ని నమూనాలకు అడుగుభాగంలో గాని, పక్కన గాని ఒక చిన్న తాళపు మీట ఉండును. రవాణాలో లోపలి బండి కదలకుండుటకు దానిని బిగించి పంపుతారు. అది తీయకుండా స్కాను చేస్తే గరగరమను శబ్దం వచ్చును. ఆ శబ్దం వినిన వెంటనే ఆపివేయవలెను. బలవంతముగా నడిపిస్తే లోపలి పళ్ళచక్రాలు అరిగిపోవును.

తరువాత కరెంటు. కెనాన్ వారి లైడ్ రకం పలుచని స్కానర్లకు వేరే కరెంటు ప్లగ్గు లేదు. యుఎస్‌బి తీగ ద్వారానే కరెంటు తీసుకొనును. ఇటువంటి వాటిని నాలుగైదు రంధ్రాల హబ్బుకు తగిలిస్తే చాలినంత కరెంటు అందకపోవచ్చును. నేరుగా కంప్యూటరు వెనుక రంధ్రంలో పెట్టండి. తీగ కూడా మార్చి చూడండి. పొడవు తక్కువ తీగ మేలు.

ఇంకొక సంగతి. కొత్త కంప్యూటర్లలో లోపల నీలంరంగు గల రంధ్రాలు యుఎస్‌బి 3 రకానివి. కొన్ని పాత స్కానర్లు వీటిలో సరిగా నడవవు. ఒకసారి స్కాను చేసి రెండవసారి మొండికేయుట వీటి లక్షణం. నల్లని రంధ్రం, అనగా యుఎస్‌బి 2 రంధ్రం ఉంటే అందులో పెట్టి చూడవలెను.

రెండవ మెట్టు: కంప్యూటరు చూచినదా?

ఇపుడు లినక్సులో టెర్మినల్ అను నల్ల కిటికీ తెరవవలెను. ఇందులో ఆంగ్లంలో టైపు చేయవలసిన అక్షరాలను మేము ఇక్కడ తెలుగులో పేర్కొనుచున్నాము. మేము "పెద్ద" అని చెప్పనిచో అన్నీ చిన్న అక్షరములే.

ఎల్, ఎస్, యు, ఎస్, బి అను అయిదు అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. యుఎస్‌బి రంధ్రాలలో ఉన్న ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క వరుస కనిపించును. ప్రతి వరుసలో నాలుగు గుర్తులు, చుక్కల జంట, మరి నాలుగు గుర్తులు ఉండును. మొదటి నాలుగు తయారీదారు నెంబరు, తరువాతి నాలుగు నమూనా నెంబరు. కెనాన్ వారిది 04ఎ9, ఎప్సన్ వారిది 04బి8, హెచ్‌పి వారిది 03ఎఫ్0.

గుర్తుపట్టుట కష్టమైతే ఒక సులువు ఉన్నది. స్కానరు తీగ పీకి ఒకసారి, పెట్టి ఒకసారి అదే ఆజ్ఞ ఇవ్వండి. రెండవసారి అదనముగా వచ్చిన వరుసయే మన స్కానరు. అదనపు వరుస ఏదీ రాకపోతే తప్పు తీగది గాని, రంధ్రానిది గాని, కరెంటుది గాని, యంత్రానిది గాని. డ్రైవరు జోలికి పోవలసిన పని లేదు. అట్టి స్థితిలో స్కానరును వేరొక కంప్యూటరుకు తగిలించి చూడండి. అక్కడ కూడా కనబడకపోతే మాత్రమే యంత్రం చెడినదని అనుకొనవచ్చును.

మూడవ మెట్టు: సేన్ గుర్తించినదా?

వరుస కనిపించినచో తీగ వరకు బాగున్నదని అర్థము. ఇపుడు "స్కాన్‌ఇమేజ్" అను ఆజ్ఞ ఇవ్వవలెను. ఎస్, సి, ఎ, ఎన్, ఐ, ఎం, ఎ, జి, ఇ అని కలిపి కొట్టి, ఒక ఖాళీ విడిచి, ఒక అడ్డుగీత, దాని వెంటనే పెద్ద ఎల్ కొట్టవలెను. అటువంటి ఆజ్ఞ లేదని కంప్యూటరు చెప్పినచో, ఉబుంటు, మింట్, డెబియన్ రకాలలో "సేన్-యుటిల్స్" అను పొట్లం వేసుకొనవలెను. సాఫ్ట్‌వేరు మేనేజరులో ఆ పేరుతో వెదకితే దొరుకును.

జవాబులో స్కానరు పేరు వచ్చినచో డ్రైవరు దొరికినట్లే. ఇక్కడ ఒక మోసము ఉన్నది. కంప్యూటరుకు కెమెరా ఉంటే దాని పేరు కూడా ఈ జాబితాలో రావచ్చును. కెమెరా పేరు చూచి స్కానరు దొరికినదని పొరబడవద్దు. స్కానింగు ప్రోగ్రాము తెరవగానే మన ముఖమే తెరపై కనబడినచో కారణం ఇదే. ప్రోగ్రాములో పరికరాల జాబితా తెరిచి స్కానరును ఎన్నుకొనిన చాలును.

పేరు రానిచో "సేన్-ఫైండ్-స్కానర్" అను ఇంకొక ఆజ్ఞ ఉన్నది. మూడు మాటల మధ్య అడ్డుగీతలు పెట్టవలెను. ఇది డ్రైవరుతో నిమిత్తం లేకుండా, స్కానరు వలె కనిపించు పరికరం ఉన్నదా అని మాత్రమే చూచును. ఇందులో కనబడి స్కాన్‌ఇమేజ్‌లో కనబడకపోతే, లోపం అనుమతిలో గాని డ్రైవరులో గాని ఉన్నది.

నాలుగవ మెట్టు: అనుమతి

బీరువా సంఘానిదే అయినా తాళంచెవి అందరి దగ్గర ఉండదు. లినక్సులో కూడా అంతే. పరికరాలను ముట్టుకొనుటకు వాడుకరికి అనుమతి ఉండవలెను. అనుమతి లోపమా కాదా అని తెలుసుకొనుట తేలిక. స్కాన్‌ఇమేజ్ ఆజ్ఞకు ముందు "సుడో" అని, అనగా ఎస్, యు, డి, ఓ అని కొట్టి ఖాళీ విడిచి మళ్ళీ ఇవ్వండి. సంకేతపదం అడుగును. ఇపుడు పేరు వచ్చి, సుడో లేనపుడు రాకపోతే అది అనుమతి లోపమే.

దీనికి మందు, వాడుకరిని తగిన గుంపులో చేర్చుట. ఆ గుంపు పేరు కొన్ని లినక్సులలో "స్కానర్", కొన్నిటిలో "ఎల్‌పి". ఆజ్ఞ ఇది: సుడో, ఖాళీ, యూజర్‌మాడ్ (యు, ఎస్, ఇ, ఆర్, ఎం, ఓ, డి), ఖాళీ, అడ్డుగీత, చిన్న ఎ, పెద్ద జి, ఖాళీ, గుంపు పేరు, ఖాళీ, వాడుకరి పేరు. ఇందులో చిన్న ఎ అక్షరం మరువరాదు. అది "ఉన్న గుంపులకు అదనముగా" అని చెప్పే అక్షరము. అది వదలివేస్తే ఆ వాడుకరిని మిగిలిన అదనపు గుంపులన్నిటి నుండి తొలగించును. సుడో వాడే అధికారం కూడా పోవచ్చును. అంత పని చేసే ఒక్క అక్షరమిది. ఎంటర్ నొక్కక ముందు మరొకరి చేత చదివించుట మంచిది.

గుంపులో చేర్చిన పిదప ఒకసారి లాగవుట్ అయి మళ్ళీ లాగిన్ కావలెను. అంతవరకు మార్పు అమలుకు రాదు. అనుమతి పని చేయుటలేదని ప్రతి రోజూ సుడోతోనే స్కాను చేయుట అలవాటు చేసుకొనవద్దు. ఆ అధికారంతో చేసిన చిన్న పొరబాటు కూడా లెక్కలన్నిటికి ముప్పు తెచ్చును.

అయిదవ మెట్టు: డ్రైవరు

సుడోతో కూడా స్కానరు పేరు రానిచో డ్రైవరు సంగతి చూడవలెను. స్కానర్లు ఈ విషయంలో నాలుగు రకములు.

మొదటి రకానికి డ్రైవరు సేన్‌లోనే ఉన్నది. కెనాన్ లైడ్ 110, 120, 210, 220 నమూనాలు "జెనిసిస్" అను డ్రైవరుతో నడుచును. లైడ్ 300, 400 "పిక్స్మా" అను డ్రైవరుతో నడుచును. అయితే కొత్త నమూనాకు పాత లినక్సులో డ్రైవరు ఉండకపోవచ్చును. అపుడు లినక్సును తాజా విడుదలకు మార్చుటయే మార్గము.

రెండవ రకానికి డ్రైవరు ఉన్నా, యంత్రం లోపలికి పంపవలసిన ఒక చిన్న ఫైలు వేరుగా కావలెను. దీనిని ఫర్మ్‌వేర్ అందురు. "స్నాప్‌స్కాన్", "జిటి68ఎక్స్ఎక్స్" డ్రైవర్లతో నడచు కొన్ని పాత స్కానర్లు ఈ రకానివి. హక్కుల కారణంగా ఆ ఫైలు సేన్‌తో పాటు రాదు. స్కానరుతో వచ్చిన విండోస్ సిడిలో ఉండును. అందువలన పాత సిడిలను పారవేయవద్దు.

మూడవ రకానికి తయారీదారు ఇచ్చు డ్రైవరు వేసుకొనవలెను. ఎప్సన్ వారు ఎప్సన్ స్కాన్ 2 అను దానిని లినక్సుకు కూడా ఇచ్చుచున్నారు. బ్రదర్ వారికి సొంత డ్రైవరు ఉన్నది. హెచ్‌పి వారి ముద్రణ, నకలు, స్కాను మూడూ చేసే యంత్రాలకు "హెచ్‌ప్లిప్" ఉన్నది. వాటిలో కొన్నిటికి అదనపు ప్లగిన్ కూడా కావలెను. ఇటీవలి మూడు పనుల యంత్రాలు చాలావరకు డ్రైవరు లేకనే "సేన్-ఎయిర్‌స్కాన్" అను పొట్లంతో నడుచును.

నాలుగవ రకానికి ఏ డ్రైవరూ లేదు. ఇది తేలినపుడే కొత్త స్కానరు మాట ఎత్తవలెను. సేన్ వారి వెబ్‌సైటులో నమూనాల జాబితా ఉన్నది. ప్రతి నమూనాకు ఎదురుగా పూర్తిగా పనిచేయునా, బాగుగా పనిచేయునా, కొంతమేరకే పనిచేయునా, అసలు పనిచేయదా అని గుర్తు ఉండును. కొనుటకు ముందు ఆ జాబితా చూచి, నమూనా నెంబరుతో సహా కొటేషనులో రాయించండి. దుకాణదారు "అన్నిటికీ పనిచేయును" అనిన మాట మీద కొనరాదు.

బొమ్మలో లోపాలు

స్కానరు నడచియు బొమ్మ బాగుండకపోవచ్చును. ఒకేచోట చుక్క కనబడితే అది అద్దం మీది దుమ్ము. పుట పొడవునా గీత పడితే సంగతి వేరు. స్కానరు ప్రతిసారి మొదట ఒక తెల్లని పట్టీని చూచి తెలుపు ఎంతో కొలుచుకొనును, మనం లాక్టోమీటరును సరిచూసుకొన్నట్లు. ఆ పట్టీకి ఎదురుగా, బండి మొదలయ్యే చోట మచ్చ ఉంటే ఆ తప్పు కొలత పుట చివరి వరకు గీతగా సాగును. అద్దమును, ముఖ్యముగా ఆ మొదటి అంచును, కొద్దిగా తడిపిన మెత్తని బట్టతో తుడవండి. నీటిని నేరుగా అద్దం మీద చల్లవద్దు. అంచుల నుండి లోపలికి దిగును.

పుటకు వెనుక వైపు రాత ఇటు కనబడుచుంటే, ఆ పుట వెనుక నల్లని కాగితం పెట్టి స్కాను చేయండి. చాలావరకు తగ్గిపోవును.

లావుపాటి రిజిష్టర్లకు ఒక హెచ్చరిక. పలుచని స్కానర్లలో ఉండునది సిఐఎస్ రకం కన్ను. అది అద్దానికి అంటుకొనిన కాగితాన్ని మాత్రమే స్పష్టముగా చూచును. కుట్టు దగ్గర పైకి లేచిన భాగం మసకగా వచ్చును. అద్దాలు, కటకం గల సిసిడి రకం స్కానర్లు కొంత దూరం వరకు స్పష్టముగా చూడగలవు. పాత రిజిష్టర్ల పని ఎక్కువగా ఉన్న సంఘం కొనేటపుడు ఈ తేడా అడిగి తెలుసుకొనవలెను. మూత మీద చేతితో గట్టిగా అదిమితే అద్దం పగులును, రిజిష్టరు కుట్టు తెగును.

ఎంత స్పష్టత చాలును?

రాత కాగితాలకు అంగుళానికి 300 చుక్కలు చాలును. ఎ4 కాగితం ఆ లెక్కన అడ్డంగా 2,480, నిలువుగా 3,508 చుక్కలు అగును. కుదించకుండా ఉంచితే రంగులో సుమారు 26 మెగాబైట్లు, బూడిదరంగులో సుమారు 8.7 మెగాబైట్లు పట్టును. 600 చుక్కలు పెడితే అది నాలుగు రెట్లు అగును, సమయం కూడా పెరుగును. నీలి సిరా, ఎర్ర సిరా, ముద్రలు ఉన్న పుటలను మాత్రం రంగులోనే తీయండి. ఏది రాత, ఏది దిద్దుబాటు, ఏది ముద్ర అని తరువాత తగవు వస్తే రంగే సాక్ష్యము.

సంక్షిప్తముగా

1. గరగర శబ్దం వస్తే ఆపి, తాళపు మీట చూడండి.
2. ఎల్ఎస్‌యుఎస్‌బి జాబితాలో రాకపోతే తీగ, రంధ్రం, కరెంటు చూడండి.
3. సుడోతో వచ్చి, లేకుండా రాకపోతే అనుమతి లోపము.
4. సుడోతో కూడా రాకపోతే డ్రైవరు లోపము.
5. "పరికరం పనిలో ఉన్నది" అని వస్తే తెరిచి ఉన్న వేరే స్కానింగు ప్రోగ్రామును మూసి, తీగ పీకి మళ్ళీ పెట్టండి.
6. పొడవాటి గీత వస్తే అద్దం మొదటి అంచు తుడవండి.

ఇన్ని చేసినా పని జరగకపోతే తెలిసినవారిని అడుగుటకు ముందు అయిదు సంగతులు కాగితంపై రాసుకొనండి: స్కానరు నమూనా, ఎల్ఎస్‌యుఎస్‌బి చూపిన వరుస, లినక్సు పేరు, విడుదల నెంబరు, స్కాన్‌ఇమేజ్ ఇచ్చిన జవాబు. "పనిచేయుట లేదు" అని మాత్రం చెప్పినవారికి ఎవరూ సాయపడలేరు. పాలు బాగులేవు అంటే సరిపోదు గదా, వెన్నశాతం ఎంత, వాసన ఏమి అని అడుగుతాము.

చివరగా రెండు మాటలు. స్కాను చేసినంత మాత్రాన అసలు రిజిష్టర్లను పారవేయరాదు. నకలు రెండుచోట్ల, ఒకటి కంప్యూటరులోను మరొకటి విడిగా వేరే ఇంట్లో భద్రపరచిన డిస్కులోను ఉంచవలెను. సభ్యుల ఆధారు, బ్యాంకు పాసు పుస్తకాల నకళ్ళు పని తీరిన పిదప అందరూ వాడే ఫోల్డరులో వదలివేయరాదు. సంఘం డబ్బు సభ్యులు తెల్లవారుజామున లేచి పితికిన పాల డబ్బు. కొత్త యంత్రానికి తీర్మానం రాయక ముందు, పాత యంత్రాన్ని పై వరుసలో ఒక్క పూట పరీక్షించి, ఆ ఫలితాన్ని పాలకవర్గం ముందు ఉంచవలసినదిగా కార్యదర్శులను కోరుచున్నాము. ఆ పరీక్ష జరిగినదా అని అడిగే హక్కు ప్రతి సభ్యునికి ఉన్నది.